ఆట, చాకిరీ, ఎత్తు
(డాక్టర్ సి. గోపాలన్ స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ గారి పేరు మీద మాట్లాడమన్నప్పుడు, ఆయన జీవితమంతా వదలని ప్రశ్నకు దగ్గరగా ఉండే విషయమే ఎంచుకోవాలనుకున్నాను. పేదింటి బిడ్డ పొట్టిగా ఉంటే అది ఆ బిడ్డ ఒంటి తీరా, లేక మనం చేసిన అన్యాయమా? ఆయన అడిగింది ఇదే. ఆ ప్రశ్నను ఈ రోజు కాస్త పక్కదారిన, ఒక బస్తీ మీదుగా చూద్దాం. ఆ బస్తీ మయన్మార్‌లో, రంగం (నేటి యాంగూన్) శివార్లలో, లైంగ్ నదికి పడమటి ఒడ్డున ఉంది. పేరు లైంగ్‌థార్యార్.

కొడుకును ఫుట్‌బాల్‌లో చేరిస్తే పొడుగు సాగుతాడా అని అడిగే తల్లులు అక్కడ ఉన్నారు. కూతురు చిన్నప్పటి నుంచీ నీళ్ళ డబ్బాలు మోసింది, అందుకే ఎదుగు ఆగిపోయిందా అని బెంగపడేవారూ ఉన్నారు. మన ఇళ్ళలో మాత్రం? దూలం పట్టుకుని వేలాడమంటాం, తాడాట ఆడమంటాం, బాస్కెట్‌బాల్ ఆడితే పొడుగవుతావంటాం. నెత్తిన బరువెత్తుకున్న పిల్లవాణ్ణి ‘ఇక ఎదిగినట్టే’ అని కసురుతాం. ఒళ్ళు కదిలిన తీరును బట్టి ఎముక సాగుతుంది, కుంగుతుంది అన్న నమ్మకం వీటన్నిటి వెనకా ఉంది. అందులో నిజం పాలు ఎంతో చూడాలి.

ముందు ఊరి సంగతి చెబుతాను. లైంగ్‌థార్యార్ 1989లో పుట్టిన కొత్త పట్నం. 1988 ఉద్యమాన్ని అణచిన సైనిక ప్రభుత్వం నగరం నడిబొడ్డున ఉన్న పేదలను ఖాళీ చేయించి ఊరవతలి పొలాల్లోకి పంపిన రోజులవి. తర్వాత పారిశ్రామిక వాడలు వచ్చాయి, కుట్టు ఫ్యాక్టరీలు వచ్చాయి. 2008 మేలో నర్గిస్ తుఫాను ఐరావతి డెల్టాను తుడిచిపెట్టినప్పుడు, పొలం పోయినవాళ్ళు, పడవ పోయినవాళ్ళు బతుకుతెరువు కోసం ఇక్కడికే చేరారు. 2014 జనాభా లెక్కల నాటికి ఒక్క ఈ టౌన్‌షిప్‌లోనే 6,87,867 మంది. దేశంలో ఏ టౌన్‌షిప్‌లోనూ అంత జనం లేరు. వెదురు తడికెల ఇళ్ళు, వానాకాలం మోకాలి లోతు నీళ్ళు, తాగే నీరు కొనుక్కోవడం, ఒకే గదిలో నలుగురైదుగురు పడుకోవడం అక్కడ మామూలు. 2021 మార్చి 14న సైన్యం ఆ వీధుల్లో కాల్పులు జరిపి పదుల కొద్దీ మనుషులను చంపింది. ఆ వెంటనే అక్కడ సైనిక చట్టం పెట్టారు. కోవిడ్‌తో అప్పటికే మూతపడిన బడులు, ఆగిన ఫ్యాక్టరీలు, డెల్టాకు తిరుగుముఖం పట్టిన కుటుంబాలు... పిల్లల ఎత్తు గురించి మాట్లాడుతూ ఇవన్నీ ఎందుకంటారా? పిల్లల ఎత్తు అంటే ఇవన్నీ కూడా కనుక.

ఇప్పుడు ఎముక దగ్గరికి వద్దాం. కాలిలోనూ చేతిలోనూ పొడవాటి ఎముకల చివర్ల దగ్గర మృదులాస్థితో చేసిన పలుచని పలక ఉంటుంది. డాక్టర్లు గ్రోత్ ప్లేట్ అంటారు. అందులోని కణాలు విడిపోతూ, ఉబ్బుతూ, గట్టిపడి ఎముకగా మారుతూ ఉన్నంత కాలం మనిషి పొడుగవుతాడు. బిడ్డ పుట్టిన మొదటి ఏడాదిలోనే దాదాపు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. మళ్ళీ జీవితంలో ఎప్పుడూ అంత వేగం ఉండదు. బడి ఈడులో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు. ఈడొచ్చే వేళ ఆడపిల్లల్లో ముందు, మగపిల్లల్లో రెండేళ్ళ తర్వాత ఇంకో ఉరుకు వస్తుంది. ఆ తర్వాత ఈస్ట్రోజెన్ ఆ పలకను మూసేస్తుంది. మగపిల్లల్లోనూ మూసేది ఈస్ట్రోజెనే. ఒకసారి మూసుకున్నాక ఏ వ్యాయామమూ, ఏ టానిక్కూ, ఏ డబ్బాలో పొడీ దాన్ని తెరవలేవు. దూలానికి వేలాడితే వెన్నుపూసల మధ్య డిస్కులు కాస్త సాగుతాయి, అంతే. రాత్రంతా పడుకుని లేచినా అదే జరుగుతుంది. పొద్దున మనమందరం సాయంత్రం కంటే సెంటీమీటరో, అంతకు కాస్త ఎక్కువో పొడుగు. రోజు గడిచేసరికి అదంతా దిగిపోతుంది.

మరి ఆటగాళ్ళు పొడుగ్గా ఉంటారు కదా అంటారు. ఇక్కడే మన కళ్ళు మనల్ని మోసం చేస్తాయి. హకీంపేటలో తెలంగాణ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకునేటప్పుడు పిల్లల పరుగు, దూకుడు, మెడిసిన్ బాల్ విసురు చూస్తారు. వాటితో పాటు ఎత్తు కూడా కొలుస్తారు, దానికీ మార్కులుంటాయి. అంటే వడపోత గుమ్మంలోనే జరిగిపోతోంది. ఆ పిల్లలు పదేళ్ళ తర్వాత పొడుగ్గా కనిపిస్తే ఘనత ఆటదని అనుకుంటాం. పి.వి. సింధు ఐదడుగుల పది అంగుళాలు. ఆ ఎత్తు బాడ్మింటన్ ఇచ్చింది కాదు. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. అటు చివర మన శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి ఉంది. 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. బరువులెత్తి ఆమె ఎదుగు ఆగిందని అనేవారు ఒకటి మరచిపోతారు. బరువు తరగతులుండే ఆటలో పొట్టి కాళ్ళూ పొట్టి చేతులూ లాభం. ఎత్తవలసిన దూరం తగ్గుతుంది. ఆ ఆటకు అలాంటి ఒళ్ళే నిలుస్తుంది.

జిమ్నాస్టుల మీద ఈ వాదం ఎక్కువ నడిచింది. వారానికి పాతిక, ముప్పై గంటలు సాధన చేసే చిన్నపిల్లలు, చూడబోతే అందరూ చిన్నవాళ్ళే. రాబర్ట్ మలీనా, ఆయనతోటి శాస్త్రవేత్తలు 2013లో ఉన్న ఆధారాలన్నీ జల్లెడపట్టి, సాధన వల్ల తుది ఎత్తు తగ్గుతుందనడానికి రుజువు లేదని తేల్చారు. ఆ పిల్లలు మొదటి నుంచే పొట్టి, వాళ్ళ తల్లిదండ్రులూ పొట్టి, ఈడు రావడమూ ఆలస్యం. ఇక్కడ ఒక హెచ్చరిక మాత్రం ఉంది. బరువు పెరగకూడదని కోచ్ పళ్ళెం లాగేస్తే, ఖర్చయిన శక్తికి సరిపడా తిండి లేకపోతే ఒళ్ళు ముందుగా ఆపేది ఎదుగుదలనూ రుతుక్రమాన్నీ. మణికట్టు దగ్గరి గ్రోత్ ప్లేట్ మీద ఏళ్ళ తరబడి దెబ్బ పడితే ఆ ఎముక ముందే మూసుకోవచ్చు. అవి ఆటలోని దోషాలు కావు, ఆట నేర్పేవారి దోషాలు.

ఎముక మీద ఒత్తిడికి అసలు ప్రభావమే లేదా? ఉంది. దాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడినవారి రాకెట్ పట్టే చేతి ఎముకలు రెండో చేతివాటి కంటే మందంగా, గట్టిగా ఉంటాయి. ముంజేతిలో ఒక ఎముక కొద్దిగా పొడుగ్గా కూడా ఉంటుందని కొలిచి చూపారు. అంటే ఆట ఎముకకు మేలే చేస్తోంది. పిల్లల ఒంట్లో ఎముక బలమంతా ఆ వయసు పరుగులో, గెంతులో పోగవుతుంది, ముసలితనం దాకా తోడుంటుంది. ఎత్తు కోసం కాదు గానీ, ఈ ఒక్క కారణానికైనా ప్రతి బిడ్డనూ ఆడనివ్వాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా, నేర్పేవారు దగ్గరుండి సరిగా చేయించే బరువుల సాధన ఎదుగుదలకు హాని చేయదనే చెబుతోంది.

అయితే ‘బరువెత్తితే ఎదగరు’ అన్న మాట శూన్యంలోంచి ఊడిపడలేదు. 1964లో టోక్యోలో క్రీడాశాస్త్రాల మహాసభ జరిగింది. కాటో, ఇషికో అనే ఇద్దరు జపాన్ శాస్త్రవేత్తలు, మారుమూల పల్లెల్లో అతిగా చాకిరీ చేసే పిల్లల ఎముకల ఎదుగుదల దెబ్బతిన్నదని అక్కడ చెప్పారు. ఆ మాట ప్రపంచమంతా తిరిగి చివరకు వ్యాయామశాల తలుపు మీద హెచ్చరికగా మిగిలింది. దారిలో ముఖ్యమైన ముక్క జారిపోయింది. వాళ్ళు చూసింది ఆటగాళ్ళను కాదు, భుజాన బరువులు మోసే పేద పిల్లలను. వాళ్ళకు తిండి ఎంత, నిద్ర ఎంత, జబ్బులెన్ని అన్న లెక్క ఆ బరువు నుంచి విడదీయడం ఎవరి తరం?

విడదీసే ప్రయత్నం మన హైదరాబాదులో జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు నాటిన మొక్క. 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1960లలో దాన్ని నడిపించినవారు గోపాలన్ గారు. అక్కడి శాస్త్రవేత్త కె. సత్యనారాయణ, సహచరులు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో మగపిల్లలను చిన్నతనం నుంచి పెద్దయ్యేదాకా వెంబడించి కొలిచారు. ఐదేళ్ళప్పుడు గిడసబారినవాడు పెద్దయ్యాకా పొట్టిగానే ఉన్నాడు. ఈడొచ్చినప్పటి ఉరుకు వాడికీ వచ్చింది, కానీ ఆలస్యంగా. వెనకబడ్డ ఎత్తు మాత్రం పూడలేదు. 1986లో అచ్చయిన వాళ్ళ వ్యాసం ఇంకో మెట్టు దిగి చూసింది. అదే పల్లెల్లో బడికి వెళ్ళినవాళ్ళ కంటే కూలికి వెళ్ళిన పిల్లలు మరింత వెనకబడ్డారు. పాలేరుగా పశువుల వెంట, నాగలి వెంట తిరిగిన పిల్లవాడు బడిపిల్లవాడి కంటే ఎక్కువ ‘వ్యాయామం’ చేశాడనడంలో సందేహం లేదు. వ్యాయామమే ఎత్తు పెంచేదైతే వాడే పొడుగు కావాలి!

ఆటకూ చాకిరీకీ తేడా ఇక్కడ తేలుతుంది. ఆట పిల్లవాడు అలిసినప్పుడు ఆగుతుంది. చాకిరీ యజమాని ఆపమన్నప్పుడు ఆగుతుంది. ఆట తర్వాత ఆకలేస్తే అన్నం ఉంటుందన్న భరోసా ఉన్న ఇంట్లోనే ఆట ఆటగా ఉంటుంది. ఎదుగుదల హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్ర పట్టిన తొలి గంటల్లో. ఓవర్‌టైమ్ చేసి అర్ధరాత్రి ఇల్లు చేరే పిల్లకు ఆ నిద్రే కరువు.

మయన్మార్‌లో చట్టం ఉంది. 2019 బాలల హక్కుల చట్టం పనికి కనీస వయసు 14 అంది. ఫ్యాక్టరీలో 16 నిండని పిల్లల చేత రోజుకు నాలుగు గంటలకు మించి పని చేయించకూడదు. అయినా వయసు ఎక్కువ చూపిన కార్డుతో కుట్టు మిషన్ ముందు పొద్దంతా కూర్చునే అమ్మాయిలు, టీ కొట్లలో తెల్లారకముందే లేచి కప్పులు కడిగే అబ్బాయిలు ఆ నగరంలో ఉన్నారన్నది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 1833లో ఇంగ్లండు ఫ్యాక్టరీ చట్టం నూలు మిల్లుల్లో తొమ్మిదేళ్ళలోపు పిల్లలను పెట్టుకోవద్దన్నప్పుడు, జనన నమోదు లేని ఆ దేశంలో వయసు తేల్చడానికి పిల్లవాడి ఒంటినే, ఎత్తునే సాక్ష్యంగా చూశారు. పేదపిల్లలు పొట్టిగా ఉన్నారని పెద్దలు అప్పుడు గమనించారు. గమనించడానికి పిల్లలు అప్పటికే మిల్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. లైంగ్‌థార్యార్‌లో పద్నాలుగు, పదిహేనేళ్ళకు మిషన్ ముందు కూర్చున్న అమ్మాయి పొట్టిగా ఉంటే, పొట్టిని చేసింది ఆ మిషన్ కాదు. ఆ వయసుకు ఆడపిల్ల ఎత్తు దాదాపు పూర్తయిపోతుంది. ఆమె కోల్పోయినది డెల్టాలోని పల్లెలో, రెండేళ్ళు నిండక ముందు, తల్లి కడుపులో ఉన్నప్పుడు. నారుమడిలో కుంగిన మొక్కకు నాట్లయ్యాక ఎంత ఎరువు వేసినా ఆ లోటు తీరదు. 2015–16 సర్వే ప్రకారం మయన్మార్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో 29 శాతం మంది గిడసబారినవారే. మనం వాళ్ళకు పాఠం చెప్పే స్థితిలో లేం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ 31.2 శాతం, తెలంగాణ 33.1 శాతం.

ఈ సభలో చాలామంది ఇళ్ళలో ముత్తాతో, తాతో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి రంగం వెళ్ళినవారే. అక్కడ మనవాళ్ళను కోరంగీలన్నారు. రేవులో బియ్యం బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు, మిల్లుల్లో పొట్టు చెరిగారు. 1930 మేలో రేవు కూలీలు సమ్మె కట్టినప్పుడు, వాళ్ళ బదులు బర్మీయులను దింపి, సమ్మె తీరగానే ఆ బర్మీయులను గెంటేశారు. ఇద్దరు పేదలు ఒకరి మీద ఒకరు పడి నెత్తురు కారింది. ఆ తాతలు పొట్టిగా ఉండేవారు, బస్తాలు మోసి అలా అయ్యారని ఇళ్ళలో చెప్పుకుంటాం. కానీ ఎముక ముదిరాక ఓడెక్కిన మనిషిని బస్తా కుదించలేదు. నడుం అరగదీస్తుంది, కీళ్ళు అరగదీస్తుంది, ఎత్తును కాదు. ఎత్తు ఓడెక్కక ముందే, కరువులు కాల్చిన ఈ ఊళ్ళలోనే పోయింది. ఈ సంగతి నిందల లెక్క సరిచూసుకోవడానికి చెబుతున్నాను. మనల్ని పొట్టి చేసింది పరాయి రేవు అనుకోవడం తేలిక.

గోపాలన్ గారి పోరాటం ఇదే చోట మొదలవుతుంది. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ‘చిన్నగా ఉన్నా ఆరోగ్యమే’ అన్న వాదం తెచ్చారు. కొద్దిపాటి గిడసబారడం శరీరం చేసుకున్న సర్దుబాటేనట, నష్టమేమీ లేదట. ఆ మాట నిజమైతే పోషకాహార లోపం ఉన్నవారి సంఖ్య కాగితం మీద ఒక్క పూటలో పడిపోతుంది. ప్రభుత్వాలకు అంతకంటే కావలసింది ఏముంది? గోపాలన్ గారు గట్టిగా ఎదిరించారు. చిన్న ఒళ్ళు మంచిదే అయితే అది పేదలకే ఎందుకు మంచిది, ఉన్నవాళ్ళు తమ పిల్లలకు ఎందుకు కోరుకోరు అన్నది ఆయన వాదం సారం. ఊరికే అనలేదు. జాతీయ పోషకాహార సంస్థలోనే 1977లో ఒక ఫ్యాక్టరీ లెక్క తీశారు. డిటొనేటర్ ఫ్యూజులు చేసే కార్మికుల్లో ఒంటి బరువు ఎక్కువున్నవారు ఎక్కువ ఫ్యూజులు చేస్తున్నారు. కూర్చుని చేసే పనిలోనే అంత తేడా. లైంగ్‌థార్యార్‌లో కుట్టు లెక్కన అదనపు డబ్బులు దొరికే వరసలో కూర్చున్న చిన్న ఒంటి అమ్మాయికి ఈ లెక్క ఏం చెబుతుందో ఊహించండి. రేపు ఆమె తల్లయితే, పొట్టి తల్లికి తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ. కాన్పు కష్టమయ్యే అవకాశమూ ఎక్కువే. ఆ బిడ్డ నుంచి మళ్ళీ అదే కథ.

మరి ఏది ఎత్తు పెంచుతుంది? కొరియా చూడండి. 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీ కంటే 1996లో పుట్టిన స్త్రీ సగటున 20 సెంటీమీటర్లు పొడుగు. నూరేళ్ళలో రక్తం మారలేదు. మారింది తిండి, నీరు, మందు, బడి. మన దగ్గరా ఒక చిన్న సాక్ష్యం ఉంది, నాకు ఎంతో విలువైనది. 1987–90 మధ్య హైదరాబాదు దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. పక్క పల్లెల్లో ఇంకా మొదలు కాలేదు. పదిహేనేళ్ళ తర్వాత సంజయ్ కిన్రా, సహచరులు ఆ పిల్లలను వెతికి కొలిచారు. తిండి అందిన పల్లెల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. గుండెజబ్బుల వైపు తీసుకుపోయే లక్షణాలు కొన్ని తక్కువగా ఉన్నాయి. పద్నాలుగు మిల్లీమీటర్లేనా అని పెదవి విరవకండి. పూటకింత ముద్ద, అదీ ఇంట్లోవాళ్ళు పంచుకున్నాక మిగిలింది, పదిహేనేళ్ళ తర్వాత కూడా ఎముకలో నిలిచి ఉంది. ఏ ఆటకూ ఇన్నేళ్ళు నిలిచిన ఇలాంటి రుజువు లేదు.

ఆలస్యమైన తిండి పరిమితి కూడా చెప్పాలి. చిన్నప్పుడు గిడసబారి, తర్వాత స్వీడన్‌లో పెంపకానికి వెళ్ళిన భారతీయ ఆడపిల్లలు అక్కడ పుష్కలంగా తిని చకచకా పెరిగారు. కానీ సగటున పదకొండున్నర ఏళ్ళకే ఈడొచ్చేసింది, పలకలు తొందరగా మూసుకున్నాయి, సగటు ఎత్తు 154 సెంటీమీటర్ల దగ్గరే ఆగింది. పోయిన మొదటి రెండేళ్ళను సంపన్న దేశం కూడా పూర్తిగా తిరిగివ్వలేకపోయింది.

ఆటను ఈ లెక్కలోంచి కొట్టేయాలా? వద్దు. 1970లలో గ్వాటెమాలాలో బెంజమిన్ తోరున్, ఆయన సహచరులు పోషకాహార లోపం నుంచి కోలుకుంటున్న చిన్నపిల్లలను రెండు జట్లు చేశారు. రెండు జట్లకూ ఒకే తిండి. ఒక జట్టును ఆటలతో పరుగెత్తించారు, ఎక్కించారు, దించారు. రెండో జట్టు మామూలుగా ఉంది. కొన్ని వారాల్లోనే ఆడిన పిల్లలు ఎక్కువ పొడుగు సాగారు. కడుపు నిండిన బిడ్డకు ఆట ఆ తిండిని ఎముకగా మార్చుకునే దారి చూపుతుంది. అదే ఆట ఖాళీ కడుపు మీద ఉన్న కాసింత శక్తినీ కాల్చేస్తుంది. ఈ రెండు వాక్యాలనూ విడదీసి ఒకదాన్నే చెప్పేవారిని నమ్మకండి.

లైంగ్‌థార్యార్ వీధుల్లో సాయంత్రం కాస్త జాగా దొరికితే చాలు, బెత్తపు బంతి ఆట చిన్‌లోన్ మొదలవుతుంది. వలయంగా నిలబడి కాళ్ళతో, మోకాళ్ళతో బంతి కింద పడకుండా ఆడతారు, ఎదుటి పక్షమంటూ ఉండదు. 2013లో నేపిడోలో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో దీన్ని కూడా చేర్చారు. ఆ ఆట వాళ్ళను పొడుగు చేయదు, పొట్టి చేయదు. అయినా ఆ పిల్లలకు అది కావాలి. పనికి తాకట్టు పడిన రోజులో అది వాళ్ళ సొంత గంట.

కాబట్టి ఆ తల్లులకు నా జవాబు ఇది. కొడుకును ఫుట్‌బాల్‌కు పంపండి, ఎత్తు కోసం కాదు. కూతురు మోసిన నీళ్ళ డబ్బా మీద నింద వేయకండి, ఆ డబ్బాలోని నీరు శుభ్రమైనదో కాదో చూడండి. విరేచనాలతో పోయిన ప్రతి వారమూ బిడ్డ ఎత్తులోంచే పోతుంది. పద్నాలుగేళ్ళ పిల్లను కొలవడం కంటే రెండేళ్ళ పిల్లను కొలవడం ముఖ్యం. ఈడేరుతున్న ఆడపిల్ల పళ్ళెంలో గుడ్డు, చేప, పప్పు అన్నయ్యకంటే ఒక్క ముక్క కూడా తగ్గకూడదు. చట్టం ఇచ్చిన నాలుగు గంటల హద్దును అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. తుపాకీ నీడలో ఆ హక్కు అడగడం ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

ఇక ఈ సభలో స్తోమత గలవారు, అటు సాయం పంపదలచినవారు కొందరున్నారని విన్నాను. పిల్లల కోసం ఆటల శిబిరం పెడతామంటున్నారు, సంతోషం. డబ్బు పంపే ముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి. బంతులతో పాటు రోజూ భోజనం ఉందా? ఆడే పిల్లవాడి చంకలో ఉండే చెల్లికి, ఇంటి దగ్గర కడుపుతో ఉన్న తల్లికి కూడా ఆ భోజనంలో పళ్ళెం పెట్టారా?